మొక్క పేరు మన నోట నిలవాలంటే

(ధర్మపురిలో తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

అరుదైన మొక్కలను, మన నేలకు చెందిన మొక్కలను ఎలా తెలుసుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. నుడి కోసం పాటుపడే వేదిక మీద చెట్టూ చేమల ముచ్చట ఎందుకని ఎవరికైనా అనిపిస్తే ఆ అనుమానం సహజమే. నేను వృక్షశాస్త్రజ్ఞుడిని కాను. బడిపంతులుగా పనిచేసి విరమించినవాడిని. సెలవు దినాలలో పిల్లలను వెంటబెట్టుకొని చెరువుగట్ల మీద, గుట్టల అంచున నడవడం నాకు అలవాటు. ఆ నడకలలో నాకు పదేపదే ఎదురైన సంగతి ఒకటున్నది. మొక్కను చూపిస్తే పిల్లవాడు ఇట్టే గుర్తుపడతాడు, ఎక్కడెక్కడ ఉన్నదో కూడా చెబుతాడు. పేరడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు. ఇంట్లో అవ్వకు తెలుగు పేరు తెలుసు, బడిలో తమిళ పేరు వినిపిస్తుంది, పాఠ్యపుస్తకంలో ఆంగ్లమో లాటినో ఉంటుంది. ఈ మూడూ ఒకే మొక్క దగ్గర కలుసుకొనే సందర్భం వాడికి దొరకడం లేదు.

మనం కూర్చున్న ఈ ఊరికి పాత పేరు తగడూరు. దీనిని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి కథ సంగమ సాహిత్యంలో ప్రసిద్ధం. ఎక్కరాని కొండచరియ మీద కాసిన అరుదైన ఉసిరికాయ ఆయనకు దక్కింది. తిన్నవారికి నిండు ఆయుష్షునిస్తుందని చెప్పుకొనే ఆ కాయను తాను తినకుండా కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చాడు. ఈ కథను దాతృత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటారు, తప్పులేదు. పంతులుని గనుక నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఏ కొండమీద, ఏ చరియలో ఆ చెట్టున్నదో ఎవరికో తెలిసి ఉండాలి, ఆ తెలిసినవారు రాజుదాకా మాట చేరవేసి ఉండాలి. ఆ మనిషి పేరు కథలో లేదు. నేనీవేళ మాట్లాడేది ఆ పేరులేని మనిషికున్న తెలివి గురించి. ఆ తెలివి పుస్తకంలో పుట్టదు, నలుగురు కలిసి చేసే పనిలో పుడుతుంది.

మనకు బాగా తెలిసిన పనితోనే మొదలుపెడతాను. మార్గళి నెల చివర, భోగినాడు, ఈ ధర్మపురి, సేలం, కొంగు సీమలలో కాపు కడతారు. వేపమండ, తంగేడు పూలు, పిండికూర కలిపి కట్టిన చిన్న కట్టను ఇంటి చూరులో, పశువుల కొట్టంలో, చేని మూలలో చెక్కుతారు. తమిళులు పూలైపూ అని, సిరుపీళై అని పిలిచే ఆ తెల్లటి నూగుపూల మొక్కే మన పిండికూర. కొండపిండి అన్నా అదే. కన్నడిగులు దానినే హిండిసొప్పు అంటారు. మన ‘ప’ కన్నడంలో ‘హ’ అవుతుందని భాషాశాస్త్రం తెలియని పిల్లవాడికి కూడా ఈ ఒక్క మొక్కతో చెప్పవచ్చు. కాపు కట్టాలంటే ఆ మొక్క ఎక్కడ మొలుస్తుందో, పూసే కాలమేదో తెలియాలి. బీడునేలలో, గట్ల మీద, బండ్లదారి పక్కన అది ఉంటుంది. పదేళ్ల పిల్ల తల్లితోనో మేనత్తతోనో వెళ్లి తెచ్చుకొనేది. ఇప్పుడు భోగి ముందురోజు సంతలో కట్టలు కుప్పలుపోసి అమ్ముతున్నారు. కాపు ఇంటికి వస్తున్నది గాని, పిల్ల గట్టు మీదికి వెళ్లడం లేదు. పండుగకు లోటేమీ కనిపించదు గనుక ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

వినాయక చవితి పత్రిది ఇంతకంటె పెద్ద చదువు. ఇరవైయొక్క ఆకులు. వాకుడు, ఉత్తరేణి, వావిలి, విష్ణుక్రాంత, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు, రేగు, మారేడు, మాచిపత్రి, మరువం… వీటిలో చెట్లున్నాయి, పొదలున్నాయి, నేలను పాకేవి, గరికవంటి గడ్డి కూడా ఉన్నాయి. మద్ది కావాలంటే ఏటి ఒడ్డుకు పోవాలి. హొగెనకల్ దగ్గర కావేరి గట్టున నిలబడ్డ తెల్లని బోదెల మహావృక్షాలు మద్దిచెట్లే. వాకుడు కావాలంటే బీటికి పోవాలి. విష్ణుక్రాంత కావాలంటే వంగి గడ్డిలో నీలిపువ్వును వెతకాలి. ఊరి చుట్టూ ఉన్న రకరకాల నేలలను ఒక్కరోజులో తిప్పి చూపించే పాఠ్యప్రణాళిక ఇది. ఏ విద్యాశాఖా తయారుచేయలేదు.

అందులో దేవదారు సంగతి నాకు ఎప్పుడూ ముచ్చట గొలుపుతుంది. అసలు దేవదారు హిమాలయాల చెట్టు, మన ఎండకొండలలో బతకదు. కాని మన పొదల అడవులలో దేవదారి అనే చిన్న చెట్టు ఒకటున్నది. తమిళంలో దానికి సెంపులిచ్చాన్ అనీ దేవదారం అనీ పేర్లు. దాని చేవకు మంచి వాసన ఉంటుంది. శాస్త్రంలో ఆ రెండింటికీ చుట్టరికమే లేదు. శ్లోకంలోని పేరును తమ కొండమీది చెట్టుకు అతికించుకొన్న ఆ పాతకాలపు తెలుగువారు ఎవరోగాని గడుసువారు. దొరకని దానికోసం బెంగపడక, ఉన్నదానిని చూసి, వాసన పట్టి, పేరు పెట్టారు.

పత్రి పేరిట జరిగే అన్యాయాన్ని కూడా చెప్పాలి. ఒక్కో ఆకు చాలిన చోట మండలకు మండలు విరిచి, చిన్న మొక్కలను వేళ్లతో పెరికి బుట్టలకెత్తడం ఏ పురాణంలోనూ లేదు. మా అవ్వ ఉత్తరేణి దగ్గర కూర్చొని గోటితో ఆకు గిల్లేది, “మళ్లా ఏటికి ఇది ఈడనే ఉండల్ల” అనేది. పరిరక్షణ అనే మాట ఆమె ఎన్నడూ విని ఉండదు.

ఇక పేర్ల విషయానికి వస్తాను. మన ఎల్లప్రాంతం పేర్ల కూడలి. కానుగ తమిళంలో పుంగం, కన్నడంలో హొంగె. వేప వేంబు, బేవు. ఇప్ప ఇలుప్పై, హిప్పె. ఇవన్నీ ఒక తల్లి బిడ్డల్లాంటి మాటలని వింటేనే తెలుస్తుంది. కొన్నింటికి పోలికే ఉండదు. పెన్నాగరం నుంచి హొగెనకల్ దిగే దారిలో, అంచెట్టి వైపు అడవులలో ఎర్రటి కొనలతో, జంట ఆకులతో కనిపించే పెద్ద చెట్టు మనకు నారేప, తమిళులకు ఆచ్చా, కన్నడిగులకు కమ్మర. దాని పట్ట నుంచి నార తీసేవారు గనుక మన పేరులో నార మిగిలింది. ఆ పేరు పోతే ఆ వాడుక జ్ఞాపకమూ దానితోపాటే పోతుంది. తమిళ పేరు నేర్వవద్దని నేననడం లేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలు తమిళం చక్కగా చదువుతున్నారు, సంతోషమే. అదే వరుసలో చాలామందికి బడిలో తెలుగు అక్షరం దూరమైంది. అక్షరం దూరమైనవాడికి తెలుగు పేరు చేరడానికి చెవి ఒక్కటే దారి. చెవిన పడాలంటే ఆ పేరు పలికే మనిషి, చూపించే మొక్క, కలిసి చేసే పని మూడూ ఒకచోట ఉండాలి.

మన పేర్లు నాటుపేర్లు, శాస్త్రానికి పనికిరావు అనుకొనేవారికి ఒక మాట. 18వ శతాబ్ది చివర సామర్లకోటలో ఉండి పరిశోధన చేసిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి వెలువడిన తన గ్రంథంలో తెలుగు పేర్లను అడిగి తెలుసుకొని నమోదు చేశాడు. జ్వరానికి వాడే సోమిద చెట్టు తెలుగుపేరు అలాగే లోకమంతటికీ పాకి, ఈనాటికీ సొయ్‌మిడా అనే శాస్త్రీయ నామంగా నిలిచి ఉన్నది. తరువాతి కాలంలో మద్రాసు ప్రభుత్వ కొలువులో ఉన్న రాబర్ట్ వైట్ కోసం వేలాది మొక్కల బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అనే ఇద్దరు చిత్రకారులు. వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని గోవిందు పేరే పెట్టాడు. చెప్పిన పల్లెవాసుల పేర్లు మాత్రం అక్కడా లేవు, అదియమాన్ కథలో లేనట్టే.

వైట్, ఆర్నాట్ అనే ఇద్దరూ కలిసి 1834లో లోకానికి పరిచయం చేసిన మొక్క ఒకటి మన వంటింట్లోనే ఉన్నది. దాని గురించి కొంచెం తీరికగా చెప్పాలి. అదే మాగళి. మాగళివేరు ఊరగాయ తెలియని ఇల్లు ఈ సభలో ఉంటుందని నేననుకోను. తెలుగునాట దీనిని మారేడు కొమ్ములు, బర్రెసుగంధి అంటారు. కన్నడంలో మాకళి బేరు. శాస్త్రం దీనిని డెకాలెపిస్ హామిల్టోనై అంటుంది. రాళ్ల సందులలో వేరూని పొదలమీదికి పాకే తీగ. తుంచితే పాలు కారతాయి. వేరు లావుగా, కండగా ఉంటుంది. పైతోలు గీకి, నడిమి కట్టె తీసి, ముక్కలు కోసి మజ్జిగలోనో నిమ్మరసంలోనో ఊరవేస్తాం. జాడీ మూత తీస్తే ఇల్లంతా వాసన. ఆ వాసనకు మూలమైన పదార్థం వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్‌కు రసాయనపరంగా దగ్గరి చుట్టం.

సుగంధిపాల వేరు మొక్క. దాని వేళ్లు సన్నగా, తీగల్లా ఉంటాయి. రాయలసీమలో ఎండాకాలం తాగే నన్నారి షర్బతుకు సుగంధిపాలే మూలమని చాలామంది నమ్మకం. నిజానికి ఆ షర్బతుకు ఎక్కువగా వాడేది ఈ మాగళి వేరునే. అంటే ఊరగాయకు మనం, షర్బతుకు వారు, మందులకు వ్యాపారులు, అందరి చేతులూ ఒకే తీగ మీద పడుతున్నాయి. ఇది దక్షిణాదిన తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది.

ఆకు కోస్తే మొక్క చావదు, వేరు తవ్వితే చస్తుంది. పూర్వం తవ్వేవారు లావు వేళ్లు కొన్ని తీసి, తక్కినవి వదిలి మన్ను కప్పేవారు. రెండు మూడేళ్లకు మళ్లీ అదే తావుకు వచ్చేవారు. కిలోల లెక్కన కొనే దళారి వచ్చాక, రేపు ఇంకొకడు తవ్వుకుపోతాడేమోనన్న భయంతో పూర్తిగా పెళ్లగిస్తున్నారు. తప్పు తవ్వేవాడిదే అని తీర్పు చెప్పడం తేలిక. కొనేవాళ్లం మనం. సంతలో వేలి లావు కూడా లేని లేత వేళ్లు కట్టకట్టి అమ్ముతుంటే బేరమాడి తెచ్చుకొనేదీ మనమే. లేతవేరు కట్టను వద్దని వెనక్కివ్వడం ఈ ఊరి తెలుగు ఆడపడుచులు పదిమంది గట్టిగా తలచుకొంటే ఈ ఏడే మొదలుపెట్టగల పని. మాగళిని విత్తనంతోనూ పెంచవచ్చు. జంటకొమ్ముల్లాంటి కాయలు ఎండి పగిలితే పట్టుకుచ్చు కట్టిన గింజలు గాలికెగురుతాయి. అవి ఎగరకముందే కాయను పట్టి, గింజలు తీసి, పెరటి రాళ్లకట్ట పక్కన వేయడం పిల్లలకు నేర్పదగిన పని. వేరు ఊరడానికి కొన్నేళ్లు ఓపిక పట్టాలి, అంతే.

కలిసి చేసే పనిలో తెలివి నిలుస్తుందనడానికి జహీరాబాద్ చుట్టుపక్కల గ్రామాలు మంచి సాక్ష్యం. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత మహిళలు ఏటా పాత పంటల జాతర చేస్తారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి, ఆగిన చోటల్లా మాటలు నడుస్తాయి. విత్తిన పంటలు ఒక్కటే కాదు, విత్తకుండా చేనులో తమంత తాము మొలిచే ఆకుకూరలను కూడా వారు లెక్కపెట్టి, వండి, పేర్లు చెప్పి చూపిస్తారు. కలుపు అని మనం పీకి పారేసేవాటిలో గునుగు, తుమ్మి, పొన్నగంటి, అటికమామిడి ఉన్నాయి. 2008లో ఆ మహిళలే సంఘం రేడియో నెలకొల్పుకొని తమ మాటలోనే ఈ సంగతులు చెప్పుకొంటూ వచ్చారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. చదువురాని ఆడవాళ్లేం చెబుతారని ముక్కు విరిచినవారికి ఇది చాలు.

ఇప్పుడు చట్టం సంగతి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, పురపాలక సంఘంలో జీవవైవిధ్య నిర్వహణ సంఘం ఉండాలి. ఊరివారిని అడిగి ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయడం దాని ముఖ్యమైన పని. ఏ మొక్క ఎక్కడున్నది, దేనికి వాడతారు, ఎవరికి తెలుసు అన్నవి అందులో రాస్తారు. స్థానిక నామం రాయడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. జాతీయ హరిత న్యాయస్థానం 2020 జనవరి 31ని గడువుగా పెట్టడంతో దేశమంతటా పట్టికలు హడావుడిగా నిండాయనే విమర్శ ఉన్నది. అది నిజమైనా మనకు నిరాశ అక్కరలేదు, ఎందుకంటే ఇది ఒకసారి రాసి మూసే పుస్తకం కాదు. కొత్త వివరాలు చేరుస్తూ ఉండవలసిన పుస్తకం.

ఆ స్థానిక నామపు గడిలో ఆచ్చా అని రాసి ఉంటే, పక్కనే నారేప అని రాయించండి. తమిళ లిపిలో రాసినా సరే, ముందు మాట అక్కడికి చేరనీయండి. తెలుగువారు, కన్నడిగులు, లంబాడీలు, ఇరుళర్లు, మలయాళీ గిరిజనులు కలిసి బతికే జిల్లాలో స్థానికం అంటే ఒకే భాష ఎలా అవుతుంది? ఇది తగవు పెట్టుకోవలసిన విషయం కాదు. పంచాయతీ అధ్యక్షుణ్ణి కలిసి, మొక్క చేతిలో పట్టుకొని, పేరు చెప్పి రాయించవలసిన విషయం. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లా విడివడింది, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి విడివడింది. డెంకణికోట, హోసూరుల తెలుగువారు అటు, మనం ఇటు అయ్యాం. పాలనకు అది అవసరమైతే కావచ్చు, తంగేడుకు మాత్రం జిల్లా మారినట్టు తెలియదు. రెండు జిల్లాల పట్టికలూ దగ్గర పెట్టి చూసే పని మన పత్రిక చదివే కుటుంబాలు చేయగలవు.

కొండవారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం కొంత మర్యాద కావాలి. ఇదే జిల్లాలో, చిత్తేరి కొండల అడుగున ఉన్న వాచాత్తిలో 1992 జూన్ 20న శ్రీగంధం సోదాల పేరిట ఊరి మీద పడి అధికారులు చేసిన అత్యాచారాలు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 2011లో, అప్పటికి బతికి ఉన్న నిందితులు 215 మందినీ న్యాయస్థానం దోషులుగా తేల్చింది. 2023లో మద్రాసు ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును నిలబెట్టింది. ఒక చెట్టు పేరు చెప్పుకొని ఒక ఊరిని అంత హింసపెట్టిన నేల ఇది. అక్కడికి మనం కాగితం కలం పట్టుకొని వెళ్లి, మీ చెట్ల పేర్లు చెప్పండి అంటే వారు ఒకటికి రెండుసార్లు మన ముఖం చూస్తే ఆశ్చర్యపడకూడదు. తెలిసినవారి ద్వారా వెళ్లాలి. ఆ రోజు కూలి ఇవ్వాలి. చెప్పినవారు సమ్మతిస్తే వారి పేరు కూడా పట్టికలో రాయించాలి. మందు వాడుక బయటపెట్టడం వారికి ఇష్టం లేకపోతే అడగడం మానుకోవాలి.

ఏది మన నేల మొక్క అన్న ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు. అడవి అంచులలో అల్లుకుపోయిన లాంటానాను, తమిళులు ఉన్నిచెడి అనేదానిని, పూల అందానికని అమెరికా ఖండాల నుంచి 19వ శతాబ్ది తొలినాళ్లలో తెచ్చారు. ఇప్పుడది మాగళి, దేవదారి వంటివాటికి నీడా నేలా లేకుండా చేస్తున్నది. సర్కారుతుమ్మదీ అదే కథ. పరాయిదని ప్రతిదాన్నీ తిట్టవద్దని కూడా చెప్పండి. ఈ జిల్లా సంతలను నడిపించే చింత పూర్వీకులు ఆఫ్రికావారు. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ గుర్తులేనంత పాతకాపు అది. పక్కవాణ్ణి బతకనిస్తున్నదా లేదా అని చూస్తే చాలు.

చివరగా, చేయవలసిన పని. ఈ వేదిక దగ్గరే కొందరం మాట్లాడుకొన్నాం. భోగికి ముందు వచ్చే ఆదివారం పొద్దున్నే ఊరి చెరువుగట్టు మీద కలుద్దాం. అడవిలోకి పోవడం లేదు. 2014లో కావేరి ఉత్తర, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యాలు ఏర్పడ్డాయి, వాటిలో ఆకు తుంచడం కూడా నేరం. గట్టు, బీడు, మునియప్పన్ గుడి తోపు మనకు చాలు. ప్రతి ఇంటి నుంచి ఒక అవ్వో తాతో, ఒక పిల్లో పిల్లవాడో జంటగా రావాలి. పేరు చెప్పేది పెద్దవారు, రాసేది పిల్లలు, వారికి వచ్చిన లిపిలోనే. తమిళ పేరు చెప్పడానికి పక్కింటి తమిళ అక్కయ్యను కూడా పిలుచుకు రండి. నడవలేని పెద్దవారుంటే గట్టుదాకా బండి ఏర్పాటు చేస్తాం, ముందుగా చెప్పండి. కాపుకు కావలసిన పిండికూర, తంగేడు అక్కడే, కట్టకు ఒక్కో రెమ్మ చొప్పున కోసుకొందాం. కొడవళ్లు, పలుగులు ఇంట్లోనే ఉంచి రండి.